మూడు రోజుల గడువు

గాలి లేస్తే మా రేవులో మెషీన్ పడిపోయేది. ఎండ కాసే రోజుల్లో దానంత బుద్ధిమంతురాలు లేదు. సముద్రం మీద ఉన్న పడవలకి దాని అవసరం పడిన రోజునే సరిగ్గా చతికిలపడేది. గాలికి తీగలు ఊగి కరెంటు పోయి వస్తూంటుందనీ, ఆ దెబ్బకే మెషీన్ పోతోందనీ రేవంతా తీర్మానించేసుకుంది. మత్స్యకారుల సంఘం పెద్ద తిజానీ ఆ తీర్మానం పట్టుకుని ఇంతింత బ్యాటరీలు కొనిపించాడు. అవి వచ్చాక కూడా మెషీన్ పడింది. అప్పుడు బ్యాటరీలు నకిలీ సరుకన్నారు. ఈ కెర్కెన్నా దీవిలో తలనొప్పి వచ్చినా ముందు కరెంటు వాళ్లనే తిడతారు.

నా పేరు నజ్లా. వారంలో అయిదు రోజులు అవతలి ఒడ్డు పట్నం సఫాక్స్‌లో కంప్యూటర్ల ఉద్యోగం, మిగతా రెండు రోజులు దీవిలో అత్తవారిల్లు. రేవు మెషీన్ మా మావయ్య ఖమైస్ చేతుల మీద పుట్టింది. ఆయన ఒకప్పుడు సరుకుల ఓడల్లో వైర్‌లెస్ పని చేశాడు. దీవికి తిరిగి వచ్చాక ఒక పాత పెట్టెలో యూనిక్స్ జాతి సిస్టమ్ ఎక్కించి, దాని కెర్నెల్‌లోకి తన సొంత ముక్క ఒకటి రాసి దూర్చి, పడవలన్నిటికీ గాలి వార్త పంపే ఏర్పాటు చేశాడు. కెర్నెల్ అంటే మెషీన్‌కి ఇంటి పెద్ద లాంటిది. ఎవరికి ఏం కావాలన్నా అదే తీసి ఇస్తుంది, పని అయ్యాక అదే తిరిగి తీసుకుంటుంది. మావయ్య రాసిన ముక్క చేసే పని చిన్నదే. గాలి వార్తని ఒక్కో పడవకి ఒక్కో ప్రతి చేసి పంపుతుంది. ఆ పడవ రేడియో నుంచి "ముట్టింది" అని జవాబు వచ్చేదాకా ఆ ప్రతిని మెమరీలో దాచుకుని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. జవాబు రాగానే దాన్ని పారేసి, ఆ చోటు కెర్నెల్‌కి అప్పగించేస్తుంది.

ఈ విద్య నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయన కోడలిని కాకముందే. స్కూలు వదలగానే వాళ్లింటికి వెళ్లి ఆయన బల్ల ముందు కూర్చునేదాన్ని. ఆయన కొడుకు లస్సాద్ తడి వలలు భుజాన వేసుకుని వచ్చి, ఈ పిల్ల చివరికి మన మెషీన్నే పెళ్లి చేసుకుంటుందేమో చూడు నాన్నా అని ఎగతాళి చేసేవాడు. చివరికి అతన్నే చేసుకున్నాను. ఇప్పుడు మావయ్యకి చూపు దాదాపు పోయింది. వెలుతురూ నీడా తెలుస్తాయి కానీ అక్షరాలు కనిపించవు.

లస్సాద్ రెండు చలికాలాల కింద సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క గానీ, వల పీలిక గానీ, మనిషి గానీ, ఏదీ ఒడ్డుకు రాలేదు. మా వీధిలో ఇంటి మగవాడు సముద్రం మీద ఉంటే తలుపుకి గడియ వెయ్యరు. అతను వెళ్లిన రోజు నుంచి మా ఇంటి గడియ ఎవరూ ముట్టుకోలేదు. గాలి వీచినప్పుడల్లా తలుపు కొట్టుకునేది. కొట్టుకున్నప్పుడల్లా మా అత్తయ్య మన్నూబియా చేతిలో పని వదిలేసి లేచి చూసి వచ్చేది. శవం దొరకలేదు కాబట్టి, పొయ్యి వెలిగించకుండా పాటించే మూడు రోజుల శోకం కూడా ఇంట్లో జరగలేదు. ఇరుగుపొరుగు గిన్నెలతో వండి తీసుకురాలేదు. నన్ను ఎవరూ లస్సాద్ భార్య అని పిలవడం లేదు, పోయినవాడి భార్య అని పిలవడానికీ నోరు రాదు. ఊరికే నజ్లా అంటారు.

ఈ ఏడాది ఆక్టోపస్ సీజన్ ఇంకా మొదలు కాకముందే ఒక గాలి వచ్చింది. ఎప్పట్లాగే మెషీన్ పడింది. హెచ్చరిక అందక అన్నదమ్ములిద్దరు పడవతో సహా ఇసుక దిబ్బ మీద ఇరుక్కుని, తెల్లవార్లూ నడుము లోతు నీళ్లలో నిలబడ్డారు. దేవుడి దయ వల్ల బతికి వచ్చారు. చిన్నవాడు ఇంకా మంచం మీదే ఉన్నాడు. వాళ్లమ్మ సంఘం ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఒక్కరిని కూడా తిట్టకుండా, ఏడ్చి వెళ్లిపోయింది. తిడితే తిజానీ తట్టుకునేవాడు. ఆమె తిట్టకపోయేసరికి ఆయనకి భయం పట్టుకుంది. నాకు ఫోన్ చేసి, సీజన్‌కి పడవలన్నీ దిగేలోపు దీని సంగతి తేల్చకపోతే పీకి పారేసి బయటివాళ్ల మెషీన్ పెట్టిస్తానన్నాడు. ఆ మాట మీ మావయ్యకి నువ్వే చెప్పుకో అని కూడా అన్నాడు.

చెప్పలేదు. కళ్లు పోయాయి, కొడుకు పోయాడు, ఆ పెట్టె ఒక్కటే ఆయనకి మిగిలింది. సెలవు పెట్టి దీవికి వచ్చి, తిజానీని తీసుకెళ్లి మెషీన్ ముందు నిలబెట్టాను.

"పడినప్పుడు తెర మీద ఏం కనిపిస్తుంది బాబాయ్?"

"ఏవో అక్షరాలు. చీమల బారులాగా పోతూ ఉంటాయి."

"అప్పుడు నువ్వేం చేస్తావ్?"

"చేసేదేముంది. ప్లగ్గు పీకి మళ్లీ పెడతా. టక్కున లేస్తుంది. ఇన్నాళ్లూ ఎవరు లేపుతున్నారనుకున్నావ్ మరి?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ కరెంటు తీసింది ఈయనే. కెర్నెల్ పడిపోయేటప్పుడు ఊరికే పడిపోదు. తన మెమరీలో ఆ క్షణాన ఏమేం ఉందో మొత్తం డిస్కు మీదికి దింపి, ఆ తర్వాత తనంతట తనే లేస్తుంది. దానికి కాస్త టైం పడుతుంది. చచ్చేవాడు ఆఖరి మాట చెప్పబోతుంటే నోరు నొక్కినట్టు, ప్రతిసారీ ఈ పెద్దమనిషి ప్లగ్గు పీకేస్తున్నాడు. ప్లగ్గుకి గట్టిగా టేపు చుట్టాను. దీని మీద చెయ్యి వేశావంటే సిగరెట్లు ఎక్కడ దాస్తున్నావో పిన్నికి చెప్పేస్తానన్నాను. ఆయన చెయ్యి వెయ్యలేదు.

తర్వాతి గాలి ఎక్కువ రోజులు ఎదురు చూడనివ్వలేదు. మధ్యాహ్నం ఉత్తరపు గాలి మొదలైంది. నేను తెర ముందే కూర్చున్నాను. బయట పడవలన్నీ గొలుసులు లాక్కుంటున్నాయి. సాయంత్రం కాకుండానే మెషీన్ పడింది, తిజానీ గారి చీమల బారు వచ్చింది. పైన మొదటి వాక్యంలోనే రోగం పేరు ఉంది. కెర్నెల్‌కి ఇవ్వడానికి ఇక మెమరీ లేదు. మామూలు ప్రోగ్రాం ఏదైనా అత్యాశకి పోతే కెర్నెల్ దాన్ని చంపేసి మిగతావాళ్లని కాపాడుతుంది. తన ఇంట్లోనే మెమరీ అయిపోతే తనని తాను చంపుకోలేదు కాబట్టి నిలుచున్న చోటే కూలబడుతుంది. కరెంటుకీ దీనికీ సంబంధం లేదని తిజానీకి చెప్పాను. అయితే గాలి రోజునే ఎందుకు పడుతుందమ్మా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 

డిస్కు మీదికి దిగిన మెమరీని తెరిచాను. మా దీవిలో ఆక్టోపస్‌ని మట్టి కుండలతో పడతారు. తాడు కట్టి నీళ్లలోకి దించిన కుండల మీద ఎవరి గుర్తు వాళ్లు రంగుతో వేసుకుంటారు. కెర్నెల్ ఇచ్చే మెమరీ కూడా అంతే, ఎవరు అడిగి తీసుకున్నారో దాని మీద వాళ్ల పేరు ఉంటుంది. ఒక పట్టిక తీస్తే, ఏ పేరు మీద ఎన్ని కుండలు ఇంకా నీళ్లలో ఉన్నాయో వరుసగా చూపిస్తుంది. పాతవి పైకి తియ్యకుండా కొత్తవి దించుతూ పోతే ఒడ్డున కుండలు మిగలవు. ఆ పని ఎవరు చేస్తున్నారో పట్టుకోవడమే నా పని.

పట్టికలో ఫైళ్ల వరుస సరిగానే ఉంది. నెట్‌వర్క్ వరుస సరిగానే ఉంది. కిందికి దిగాను. ఒక్క వరుస మాత్రం మిగతావాటన్నిటినీ మింగేసి కూర్చుంది. దాని ఎదురుగా ఉన్న అంకె తెర పట్టనంత ఉంది. పేరు చూశాను. లస్సాద్.

ఆ పేరు అక్కడెందుకు ఉందో నాకు తెలుసు. మావయ్య ఆ ముక్క రాసేనాటికి లస్సాద్ ఉయ్యాల్లో ఉన్నాడు. రాసేవాడు తన మెమరీకి ఏదో ఒక పేరు పెట్టాలి, ఆయన నోట్లో ఉన్న పేరు పెట్టేశాడు. పెద్దయ్యాక లస్సాద్ దాని గురించి గొప్పలు పోయేవాడు. నేను పడవలోనూ ఉంటాను, మీ మెషీన్ కడుపులోనూ ఉంటాను, నన్ను తప్పించుకుని నువ్వెక్కడికి పోతావే అనేవాడు. నేను అది మరిచిపోయాను. మరిచిపోయినందుకు ఇప్పుడు తెర నిండా అతని పేరే కనిపించింది. లస్సాద్ తీసుకున్నది ఏదీ తిరిగి ఇవ్వడం లేదని చెబుతోంది ఆ పట్టిక.  బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏమైందని తిజానీ అడిగితే కంట్లో ఇసుక పడిందన్నాను. ఆ గాలిలో అది నమ్మదగిన మాటే.

మళ్లీ లోపలికి వెళ్లి మావయ్య రాసిన ప్రోగ్రాం తీశాను. అందులో ఒక గడువు ఉండాలి, నాకు గుర్తుంది. మూడు రోజుల్లోపు "ముట్టింది" అని జవాబు రాకపోతే ఆ ప్రతిని పారేసి మెమరీ తిరిగి ఇచ్చెయ్యాలి. మా చిన్న పడవలు మూడు రోజులకి మించి సముద్రం మీద ఉండవు కాబట్టి ఆయన ఆ లెక్క పెట్టాడు. గడువు వాక్యాలు అక్కడే ఉన్నాయి. కానీ వాటికి అటూ ఇటూ గుర్తులు పెట్టి ఉన్నాయి. ప్రోగ్రాంలో కొన్ని వాక్యాల్ని చెరపకుండా నిద్రపుచ్చాలంటే అలా గుర్తులు పెడతాం. మెషీన్ వాటిని చదవకుండా దాటేస్తుంది. ఫైలు ఆఖరిసారి మారిన తేదీ చూశాను. లస్సాద్ వెళ్లిన మూడో రోజు.

ఇక విడమరిచి చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఆ రోజు గాలి లేచినప్పుడు మావయ్య కొడుక్కి ఒక వార్త పంపాడు. జవాబు రాలేదు. మూడు రోజులు నిండబోతున్నాయి, నిండితే తాను రాసిన గడువే తన కొడుక్కి పంపిన మాటని పారేస్తుంది. ఆ రేడియో ఎక్కడో ఒకచోట మళ్లీ పలికితే ఈ మాట వాడికి అందాలి కదా. అప్పటికి ఆయనకి కాస్త చూపు ఉంది. వెళ్లి గడువుని నిద్రపుచ్చాడు.

ఆయన చూసుకున్నది ఒక్క పడవనే. కానీ ఆ గడువు అన్ని పడవలకీ ఒక్కటే. అది పోయాక, ఒడ్డుకెక్కించిన పడవలు, అమ్మేసిన పడవలు, విరగ్గొట్టి పొయ్యిలో పెట్టిన పడవలు, వీటన్నిటికీ పంపిన గాలి వార్తలు ఎవరూ "ముట్టింది" అనక కుప్పలుగా పేరుకున్నాయి. మామూలు రోజుల్లో గంటకొకసారి వెళ్లే వార్త, గాలి రోజున నిమిషాల తేడాతో వెళుతుంది. అందుకే కుప్ప ఆ రోజే పొంగి మెషీన్ని ముంచేది. తిజానీ ప్రశ్నకి జవాబు అదీ. మెషీన్ పడిన ప్రతిసారీ మెమరీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అందులో లస్సాద్ కోసం దాచిన మాట కూడా పోతుంది. మెషీన్ లేచిందని కబురు తెలియగానే మావయ్య చేతికర్ర పట్టుకుని రేవుకి ఎందుకు వెళ్లేవాడో కూడా అప్పుడు అర్థమైంది. తాను కట్టిన మెషీన్ మీద మమకారం అనుకునేవాళ్లం. ఆయన వెళ్లి, తడుముకుంటూ, ఆ మాటని మళ్లీ పంపి వచ్చేవాడు.

ఆ మాట నాకు కనిపించింది. చూడకూడదనుకుంటూనే చూశాను. లస్సాద్ పడవ పేరు పక్కన ఒక్క వాక్యం ఉంది. "వల కోసేసి వచ్చెయ్ నాన్నా, మళ్లీ అల్లుకుందాం." రెండేళ్లుగా ఆ ముసలాయన పంపుతున్నది అదే.

ఇంటికి నడుస్తూ ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. గడువుని మళ్లీ మేలుకొల్పుతాను, లస్సాద్ పడవకి మాత్రం మినహాయింపు పెడతాను. ఒక్క వాక్యం ఎంత చోటు పడుతుంది, మెషీన్‌కి అదొక బరువు కాదు. మావయ్యకి ఏదో ఒక అబద్ధం చెబుతాను. ఇసుక దిబ్బ మీద ఆ పిల్లలు చావు దాకా వెళ్లి రావడానికి కారణం తన చెయ్యి అని ఆయనకి తెలియకూడదు. అది తెలిసి బతకగలిగే మనిషి కాదు.

ఆయన వాకిట్లో పీట మీద కూర్చుని, సీజన్ కోసం, కుండల మెడలకి తాళ్లు కడుతున్నాడు. ఆ పనికి కళ్లు అక్కర్లేదు. వంటింట్లో అత్తయ్య బార్లీ పిండి జల్లిస్తున్న చప్పుడు వస్తోంది.

"దొరికిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"దొరికింది మావయ్యా. నెట్‌వర్క్ కార్డు పాడైంది. కొత్తది వేస్తే సరిపోతుంది."

తాడు కడుతున్న వేళ్లు ఆగాయి.

"పట్టిక తీశావా?"

"తీశాను."

"ఏ వరుస పెరిగింది?"

 వరుసలు చూడకుండా నోరు తెరవకు అని నాకు మొదటి రోజు నేర్పింది ఈయనే. తప్పుడు వరుస పేరు ఒకటి చెబుదామని నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

"నీకన్నీ నేర్పాను గానీ అబద్ధం ఆడటం నేర్పలేదు తల్లీ. అది నీకు రాదు. వాడి వరుసేనా?"

"అవును మావయ్యా."

కుండని ఒడిలో పెట్టుకున్నాడు. అందరూ కరెంటు కరెంటు అంటుంటే నమ్మేశానన్నాడు. నమ్మితే హాయిగా ఉండేది అన్నాడు. తర్వాత దిబ్బ మీద ఇరుక్కున్న పిల్లల పేర్లు అడిగాడు. చిన్నవాడికి ఎలా ఉందని అడిగాడు. మెషీన్ పడటానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయని నేనేదో మొదలుపెడితే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నా పిల్లాడికని తలుపు తీసి పెట్టుకున్నా. వాళ్ల పిల్లల మీద మూసేశా. ఇందులో ఇంకేం చెప్తావ్?"

 అప్పుడు నా ఉపాయం చెప్పాను. అందరికీ గడువు పెడదాం, లస్సాద్‌కి వద్దు, ఒక్కడికే కాబట్టి మెషీన్ నిక్షేపంలా నిలబడుతుందన్నాను. ఆయనకన్నా నాకే ఆ మినహాయింపు ఎక్కువ కావాలని, అంటున్నప్పుడే నాకు తెలిసింది. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, మొహంలో తెలుస్తోంది. చివరికి తల అడ్డంగా ఊపాడు. ఈ దీవిలో వాడిలాంటివాడు లేని ఇల్లు ఏదో చెప్పు, వాళ్లంతా వచ్చి మావాడికీ ఉంచమ్మా అంటే ఎవరికి లేదంటావు అని అడిగాడు.

అత్తయ్య జల్లెడ పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. మా మెషీన్ గొడవ ఆమెకి ఎప్పుడూ పట్టేది కాదు. ఆ రోజు మాత్రం మొత్తం విన్నట్టుంది.

"గడువు ఎంత?"

"మూడు రోజులు," అన్నాడు మావయ్య.

"ఎవరు పెట్టారు?"

"నేనే. పడవలకి అది చాలని."

ఆమె గుమ్మం మీదే కూలబడినట్టు కూర్చుంది. చేతులకున్న పిండి ముసుగు అంచుకి తుడుచుకుంది. వీధి తలుపు వైపు చూసింది, అక్కడి నుంచి నా వైపు చూసింది. నేను కళ్లు దించుకున్నాను.

"అయితే ఆ మూడు రోజులూ ఈ ఇంట్లో పొయ్యి వెలిగించను," అంది. "ఇరుగుపొరుగుకి చెప్పి రా నజ్లా."

మర్నాడు మావయ్యని చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకెళ్లాను. గుర్తులు తీసెయ్యడం నిమిషం పని, నేను చేస్తానన్నాను. వద్దన్నాడు. పెట్టిన చెయ్యే తియ్యాలన్నాడు. నేను వాక్యాలు చదువుతుంటే ఆయన వేళ్లు వాటంతట అవే మీటలు వెతుక్కున్నాయి. ఒకచోట తప్పు నొక్కాడు. నేను సరి చెయ్యబోతే నా చెయ్యి పక్కకి నెట్టి తనే దిద్దుకున్నాడు. ఆ తర్వాత పడవల పేర్లు సరిచూశాం. ఒడ్డుకెక్కినవీ, అమ్ముడుపోయినవీ, లేనివీ తిజానీ ఒక్కొక్కటే చదువుతుంటే నేను గాలి వార్తల జాబితాలోంచి కొట్టేస్తున్నాను. ఒక పేరు దగ్గర ఆయన ఆగిపోయాడు. అరుపులు తప్ప తెలియని మనిషి, గొంతు తగ్గించి, దీన్ని తర్వాత చూద్దాంలే అమ్మాయ్ అన్నాడు. ఆ పేరు నేనే పైకి చదివాను, నేనే కొట్టేశాను. ఇక ఆ పడవకి గాలి వార్త వెళ్లదు, చేత్తో రాసి పంపే మాట మాత్రం వెళుతుంది.

మెషీన్ ఆపి మళ్లీ లేపాం. మెమరీ ఖాళీగా, కడిగిన గిన్నెలా ఉంది. మావయ్య కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నాడు.

"ఇన్నిసార్లు నేనే పంపాను. ఈసారి నువ్వు పంపు."

ఈ రెండేళ్లలో నేను లస్సాద్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. కలలో కూడా మాట్లాడలేదు. అంత కోపం అతని మీద. ఆ రోజు గాలి మబ్బు కనిపిస్తోంది, వెళ్లకు అంటే నవ్వి వెళ్లాడు. ఇప్పుడు తెర ముందు కూర్చుంటే ఆ కోపం ఎంత వెతికినా దొరకలేదు. అతను నవ్విన మొహం ఒక్కటే ఉంది. తిజానీ గది బయటికి వెళ్లి నిలబడ్డాడు. నేను రాసి, పంపేముందు మావయ్యకి చదివి వినిపించాను.

"గడియ వేస్తున్నాం. వస్తే తలుపు తట్టు."

ఆయన తల ఊపాడు. పంపాను. పట్టిక తీస్తే లస్సాద్ వరుసలో ఒకటి అని కనిపించింది.

మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. చెప్పీ చెప్పకముందే వీధిలో అందరికీ తెలిసిపోయింది, రెండేళ్లుగా ఈ పిలుపు కోసమే కాచుకున్నట్టు. ఎండు ఆక్టోపస్ వేసిన గోధుమ రవ్వ కుస్కుసు, చేపల పులుసు, నూనెలో నానిన రొట్టెలు, గిన్నెల మీద గిన్నెలు వచ్చాయి. దిబ్బ మీద నిలబడ్డ పిల్లల తల్లి కూడా వచ్చింది. మావయ్య ఆమెకి అంతా చెప్పేశాడు, ఏదీ దాచలేదు. ఆమె విన్నది. నీ గిన్నె చల్లారిపోతోంది, తిను అన్నయ్యా అని మాత్రం అంది. ఆయన గిన్నె ముందుకి లాక్కుని తిన్నాడు.

ఈలోపు సీజన్ మొదలైంది. కుండలు నింపుకుని పడవలన్నీ దిగాయి. నేను రోజూ రేవుకి వెళ్లి పట్టిక చూసేదాన్ని. గాలి వార్త వెళ్లగానే లస్సాద్ వరుస పెరుగుతుంది. పడవలు ఒక్కొక్కటే "ముట్టింది" అంటుంటే తగ్గుతుంది. తగ్గి తగ్గి ఒకటి దగ్గర ఆగుతుంది. ఆ ఒకటి నాది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది సున్నా కాకూడదని కాదు, ఏదో ఒక నిమిషంలో గడువుకి ముందే సున్నా అవుతుందని చూశాను. అంటే జవాబు వచ్చిందని. తలుపు కొట్టుకుంటే లేచి చూసే అత్తయ్యకీ నాకూ తేడా లేదు.

మూడో రోజు పొద్దుటి నుంచీ గాలి లేచింది. మావయ్య నాతో పాటు వచ్చి మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తిజానీ గుమ్మంలో నిలబడి ప్లగ్గు వంకా నా వంకా చూస్తున్నాడు. నిమిషాల మీద వార్తలు వెళుతున్నాయి. వరుస పైకి పోయింది, దిగింది, మళ్లీ పోయింది, మళ్లీ దిగింది. పడవలు ఒకదాని వెనక ఒకటి రేవులోకి వచ్చేశాయి. మెషీన్ నిలబడింది. ఆఖరి పడవ గొలుసు వేశాక తిజానీ మొహం తుడుచుకుని, మావయ్య భుజం మీద చెయ్యి వేసి బయటికి వెళ్లాడు.

"ఎంత?" అన్నాడు మావయ్య.

"ఒకటి."

గాలి కిటికీని ఊపుతోంది. మా ఇద్దరికీ గడువు ఎప్పుడు నిండుతుందో తెలుసు. ఆయన మళ్లీ అడిగాడు. ఒకటి అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఒకటి అన్నాను. నాలుగోసారి అడిగినప్పుడు వెంటనే చెప్పలేకపోయాను.

"నజ్లా. ఎంత?"

"సున్నా మావయ్యా."

ఆయన చెయ్యి చాపి మెషీన్ని తడుముకున్నాడు. వెచ్చగా ఉన్న దాని వీపు మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

"సరిగ్గా పనిచేస్తోంది," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గడియకి ఆలివ్ నూనె రాస్తోంది. రెండేళ్ల ఉప్పుగాలికి అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆమె వల్ల కాలేదు. నేను రెండు చేతులతో నెట్టాను. కిరకిరలాడుతూ వెళ్లి గోడలో పడింది. అత్తయ్యకీ మావయ్యకీ శోకం మూడు రోజులూ అయిపోయాయి. మా మతంలో భార్య శోకానికి లెక్క వేరు, నాలుగు నెలల పైన ఉంటుంది. నాది ఆ రోజు మొదలైంది.

గాలి చీకటి పడేదాకా ఆగలేదు. తలుపు ఒక్కసారి కూడా చప్పుడు చెయ్యలేదు. ముగ్గురం దాని వైపే చూస్తూ కూర్చున్నాం.